పాత సైకిలుకు సీటు పిల్లర్: కొనాలా, షిమ్ వేయాలా, లేత్ మీద చేయించాలా?

పాత సైకిలు బాగుచేస్తున్నప్పుడు చైను, టైర్లు, బేరింగ్ బాల్స్ ఎలాగోలా సమకూరతాయి. పని ఆగేది సీటు పిల్లర్ (సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం) దగ్గర. అసలుది పోయి ఉంటుంది, లేదంటే తుప్పు పట్టి వంగి ఉంటుంది. కొన్నిసార్లు ఇంతకుముందు వాడినవాళ్ళు దొరికిన రాడ్డేదో దూర్చి బోల్టు బిగించేసి ఉంటారు. షాపుకెళ్తే చేతికొచ్చేది 27.2 మి.మీ. పిల్లరో, 25.4 పిల్లరో. మీ ఫ్రేముకు కావలసింది 26.4 అయితే ఆ రెండూ పనికిరావు.

అప్పుడు ముందున్న దారులు ఐదు. సరైన సైజుది వెతికి కొనడం, సన్నటిదానికి షిమ్ (సందు పూడ్చే పలచటి రేకు) చుట్టడం, లావుదాన్ని లేత్ మీద తగ్గించడం, కొత్తది చేయించడం, పిల్లర్ దిగే ఫ్రేము రంధ్రాన్నే, అంటే బోరునే పెద్దది చేయడం. ఈ ఐదింటినీ ఒకే తక్కెడలో పెట్టలేం. పిల్లర్ చెడితే ఇంకొకటి చేయించుకోవచ్చు. యాభై అరవై ఏళ్ళ నాటి ఫ్రేములో సీటు లగ్గు (గొట్టాలు కలిసేచోట పిల్లర్‌ను బిగించి పట్టే తొడుగు) చీలితే మాత్రం దాన్ని మునుపటిలా నిలబెట్టగల మనిషి దొరకడమే కష్టం. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపికలోనూ మేం ఒకటే చూశాం: తప్పు జరిగితే నష్టం పిల్లర్‌కా, ఫ్రేముకా?

ముందు కొలత

సీటు పిల్లర్ సైజు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. సీటు ట్యూబు బయటి వ్యాసంలోంచి పైపు మందాన్ని రెండుసార్లు తీసేస్తే బోరు వస్తుంది. పిల్లర్ దానికంటే 0.1 నుంచి 0.2 మి.మీ. సన్నగా ఉండాలి. ఇంగ్లీషు, ఇటాలియన్ రేసింగ్ ఫ్రేముల సీటు ట్యూబు బయటి వ్యాసం 28.6. పైన మందం 0.6 ఉన్న మంచి గొట్టమైతే బోరు 27.4, పిల్లర్ 27.2. అదే 28.6 గొట్టం 0.9 మందంతో సాదాగా ఉంటే బోరు 26.8కి పడిపోతుంది, పిల్లర్ 26.6 కావాలి. పాత ఫ్రెంచ్ ఫ్రేముల గొట్టం 28.0. మందం 0.7 ఉంటే బోరు 26.6, పిల్లర్ 26.4. ప్యూజో పీఎక్స్-10కి పట్టేది ఈ సైజే. నాటింగ్‌హామ్ ర్యాలీ స్పోర్ట్స్‌కి అంగుళం, అంటే 25.4. అమెరికా ష్విన్ వార్సిటీకి 13/16 అంగుళం, అంటే 20.6.

మన రోడ్‌స్టర్లు కూడా ఆ ఇంగ్లీషు వంశానివే. అంబత్తూరు టీఐ వారి హెర్క్యులస్, బీఎస్‌ఏ, అసన్‌సోల్ సేన్-ర్యాలీ, లూథియానా హీరో, సోనీపత్ అట్లాస్ అన్నీ ఆ అచ్చులోంచి వచ్చినవే. వీటి పిల్లర్ పైకొన 22.2 మి.మీ., అంటే 7/8 అంగుళానికి సన్నబడి ఉంటుంది. సీటును పిల్లర్‌కు బిగించే క్లిప్పు పట్టేది అక్కడే. కింది భాగం సైజును మాత్రం బ్రాండు పేరు చూసి నమ్మకండి. ఏళ్ళ తరబడి తుప్పు, వంకర బిగింపులు చూసిన ఫ్రేములో కొలిచిందే లెక్క.

కొలిచే ముందు లగ్గు చెవులు (చీలికకు రెండువైపులా బోల్టు దూరే ముక్కలు) చూడండి. సన్నటి పిల్లర్ పెట్టి గట్టిగా బిగించిన ఫ్రేముల్లో చెవులు ఒకదానివైపు ఒకటి వంగి, చీలిక పైన ఇరుకుగానూ కింద వెడల్పుగానూ కనబడుతుంది. ఆ స్థితిలో మూతి దగ్గర కొలిస్తే అసలు బోరు కంటే అర మిల్లీమీటరు తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. ముందు చీలిక రెండు అంచులూ సమాంతరంగా వచ్చేలా చెవుల్ని నెమ్మదిగా తెరవాలి. స్క్రూడ్రైవరు దూర్చి తిప్పితే అంచు నొక్కుకుపోయి పగులు మొదలవుతుంది. మొద్దుగా రుద్దిన ఇత్తడి పట్టీ వాడండి.

తరవాత లోపలి తుప్పు తీయండి. ముతక ఎమెరీని కర్రకు చుట్టి తిప్పితే చాలావరకు వస్తుంది. బ్రేకు సిలిండర్లు రుద్దే మూడు రాళ్ళ హోను దొరికితే ఇంకా మేలు. టాప్ ట్యూబు కలిసేచోట బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేసినప్పటి ఇత్తడి లోపలికి కారి గడ్డకట్టి ఉండవచ్చు. టార్చి వేసి చూడండి. పిల్లర్ 50 మి.మీ. దిగి ఠక్కున ఆగిపోతోందంటే చాలాసార్లు కారణం అదే.

వర్నియర్ లోపలి దవడలు 15 మి.మీ. లోతు దాటి దిగవు. అంతకంటే నమ్మకమైన పద్ధతి టర్నర్ (లేత్ పనివాడు) చేత కొలత బిళ్ళలు చేయించుకోవడం. 26.2, 26.4, 26.6, 26.8 ఇలా మీకు అనుమానమున్న సైజుల్లో 30 మి.మీ. పొడవు అల్యూమినియం ముక్కలు తిప్పించి, మధ్యలో మరపెట్టి ఒక పొడుగాటి రాడ్డుకు బిగించండి. బలం పెట్టకుండా 100 మి.మీ. లోతు దాకా జారిన అతిపెద్ద బిళ్ళే మీ పిల్లర్ సైజు. రెండు సైజుల మధ్య ఎటూ తేలకపోతే చిన్నదాన్నే ఎంచుకోండి.

పాత పిల్లర్ చేతిలో ఉంటే దాన్ని కొలిచి అదే చేయించమనడం సుళువే. అది ఆ సైకిలుతో వచ్చినదేనని తేలితేనే అలా చేయండి. పిల్లర్ మీద ఒకే ఎత్తులో ముందో వెనకో లోతైన గీతపడి, మిగతా ఒళ్ళంతా మచ్చ లేకుండా ఉంటే అది వదులుగా ఉన్న తప్పు సైజు.

ఎంత బలం కావాలి

80 కిలోల మనిషి, లగ్గుపైన 150 మి.మీ. బయటికి ఉన్న పిల్లర్, 72 డిగ్రీల సీటు ట్యూబు అనుకుందాం. బరువు పడే బిందువు లగ్గు మూతికంటే వెనక్కి దాదాపు 66 మి.మీ. ఉంటుంది. 785 న్యూటన్ల బరువును దానితో గుణిస్తే లగ్గు మూతి దగ్గర వంపు 52 న్యూటన్-మీటర్లు. గతుకు తగిలినప్పుడు దీన్ని మూడింతలుగా చూడాలి.

25.4 బయటి వ్యాసం, 1.6 మందం ఉన్న స్టీలు గొట్టంలో దీనివల్ల పుట్టే ఒత్తిడి 78 మెగాపాస్కల్. గతుకు మీద 234. మామూలు మెత్తటి స్టీలు 250 దగ్గర శాశ్వతంగా వంగుతుంది. అంటే ఆ గొట్టం అంచు మీద నడుస్తున్నట్టే. 2 మి.మీ. మందమైతే గతుకు మీద 195కి దిగుతుంది, ఊపిరి తీసుకునే జాగా వస్తుంది. 100 కిలోల మనిషి 200 మి.మీ. పైకి తీసుకుంటే వంపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అప్పుడు 1.6 మెత్తటి స్టీలు గొట్టం వంగుతుందనే అనుకోవాలి. కోల్డ్ డ్రాన్ (చల్లగా లాగి గట్టిపరచిన) గొట్టమో, క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి స్టీలు) గొట్టమో, లేదా 3 మి.మీ. మందమో కావాలి.

ఎంపికలన్నీ ఈ అంకెలతోనే తూచండి. పొడుగ్గా పైకి తీసే పిల్లర్, పొట్టి ఫ్రేము, బరువైన మనిషి అయితే బలం వైపే మొగ్గండి. లగ్గుపైన 60, 70 మి.మీ. మాత్రమే కనిపించే పెద్ద రోడ్‌స్టర్‌కు ఇంత బెంగ అక్కర్లేదు.

దారి 1: సరైన సైజు కొనడం

దొరికితే ఇదే మేలు, ఆలోచించక్కర్లేదు. తైవాన్ కాలాయ్ కంపెనీ పిల్లర్లు 25.0 నుంచి పైకి 0.2 చొప్పున చాలా సైజుల్లో వస్తాయి. రూపం పాతగా కనబడాలంటే జపాన్ ఎస్‌ఆర్ వారి గాడుల లాప్రాడ్ పిల్లర్లు వెతకండి. వాటినీ రకరకాల వ్యాసాల్లో చేశారు. 1970లు, 80ల నాటి రోడ్డు సైకిలు మీద అవి పరాయిగా కనబడవు. వాడినవి కొనేటప్పుడు అడుగున అచ్చువేసిన అంకెను చూసి ఊరుకోకుండా వర్నియర్ పెట్టండి. ఎవరో లేత్ మీద తగ్గించి ఉండవచ్చు.

కొనేముందు సీటు కింద కడ్డీలు లెక్కపెట్టండి. ఇక్కడ పొరపాటు పడేవాళ్ళు ఎక్కువ. బ్రూక్స్ బీ17 లాంటి రెండు కడ్డీల సీటు ఈనాటి తలకట్టు పిల్లర్ (కడ్డీల్ని పట్టే బిగింపు పైకొననే ఉన్నది) మీద కూర్చుంటుంది. బీ66, బీ72 లాంటి నాలుగు కడ్డీల స్ప్రింగు సీటు మాత్రం కూర్చోదు. దానికి క్లిప్పూ, క్లిప్పుకు 22.2 పైకొనా తప్పనిసరి. ఆ స్ప్రింగుల హాయే కావాలి, కడ్డీలు రెండే ఉండాలంటే బీ67 ఉంది.

దారి 2: షిమ్

షిమ్ మందం = (కావలసిన సైజు − చేతిలో ఉన్న సైజు) ÷ 2. కూల్‌డ్రింకు డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి ఒక చుట్టు వేస్తే వ్యాసం 0.2 పెరుగుతుంది. 26.2 పిల్లర్‌ను 26.4 చేయడానికి అది సరిపోతుంది. రేకు వెడల్పు 80 మి.మీ. ఉండేలా కత్తిరించండి. చుట్టుకొలత 82.3, కాబట్టి రెండు మి.మీ. ఖాళీ మిగులుతుంది. అంచు మీద అంచు ఎక్కకూడదు. ఎక్కినచోట మందం రెట్టింపై పిల్లర్ ఒక గీత మీదే ఆనుతుంది. పొడవు కనీసం 80 మి.మీ. ఉండాలి. ఖాళీ భాగం ఫ్రేము చీలిక ఉన్న వైపే రావాలి.

స్టీలు ఫ్రేములో స్టీలు పిల్లర్‌కు అల్యూమినియం రేకు వేస్తే రెండు వైపుల నుంచీ రేకే తినబడి తెల్లటి పొడి అవుతుంది. అక్కడ 0.1 ఇత్తడి షిమ్ రేకు మేలు.

0.2 తేడాకు రేకు చాలు. 0.4, 0.6 తేడాకు రెండు మూడు చుట్లు వేయకండి. పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, సీటు రోజూ కాస్త కాస్త దిగుతుంది, మీరు బోల్టు బిగిస్తూ పోతారు, చివరికి లగ్గు చెవి విరుగుతుంది. 1.6, 1.8 తేడా ఉంటే కథ వేరు. 25.4 పిల్లర్‌ను 27.2 సైజుకు తెచ్చే షిమ్ గొట్టం 0.9 మందంతో, పైన అంచు కాలరుతో గట్టిగా నిలుస్తుంది. రెడీమేడ్‌గానూ దొరుకుతుంది. అంటే షిమ్ మరీ చిన్న తేడాకూ బాగుంటుంది, పెద్ద తేడాకూ బాగుంటుంది. నడిమి తేడాలకే చెడ్డది.

దారి 3: లావు పిల్లర్‌ను తగ్గించడం

27.2 పిల్లర్లు ఎక్కడైనా దొరుకుతాయి కనుక అందరికీ మొదట తోచే ఉపాయం ఇది. ఉపాయం మంచిదే, షరతు ఒక్కటే: తగ్గించాక అల్యూమినియం మందం 2 మి.మీ. కంటే తక్కువ కాకూడదు. 2.4 మందమున్న 27.2 పిల్లర్‌ను 26.4 చేస్తే మందం సరిగ్గా 2.0 మిగులుతుంది. వంపును తట్టుకునే బలంలో 18 శాతం పోతుంది. 25.4 దాకా తగ్గిస్తే మందం 1.5కి పడుతుంది. అది చేయకండి. కార్బన్ పిల్లర్‌ను, పలచటి స్టీలు పిల్లర్‌ను లేత్ దగ్గరికి తీసుకెళ్ళనే వద్దు.

పిల్లర్ మందం పొడవునా ఒకేలా ఉంటుందనుకోకండి. కొన్నింటికి అడుగున ఒక మందం, నడుమ ఒకటి, తల దగ్గర ఇంకొకటి. కింద కనబడే అంచు మాత్రమే కొలిచి పని మొదలుపెడితే నడుమ పలచబడిన సంగతి తెలియదు.

లేత్ మీద దీన్ని పట్టడమే అసలు కష్టం. తల వంకరగా ఉంటుంది కాబట్టి చక్‌లో (లేత్ మీద ముక్కను పట్టి తిప్పే దవడల్లో) కూర్చోదు. లోపలి బోరుకు బిగువుగా సరిపోయే మాండ్రిల్ (లోపల ఆనుడుగా ఉండే కడ్డీ) తిప్పించి, పిల్లర్‌ను దాని మీద ఎక్కించి, రెండు సెంటర్ల మధ్య పట్టించాలి. మాండ్రిల్ లేకుండా ఒక కొన చక్‌లో, ఒక కొన టెయిల్‌స్టాక్‌లో పెట్టి తిప్పితే పలచటి గొట్టం నడుమ పనిముట్టుకు లొంగి వెనక్కి పోతుంది. రెండు కొనలూ సైజుకు వస్తాయి, నడుము లావుగా మిగులుతుంది. ఫ్రేములో నడుము దగ్గరే ఇరుక్కుంటుంది.

టర్నర్‌కు చెప్పవలసిన కొలత: బోరు కంటే 0.15 తక్కువ, అటూ ఇటూ 0.05. చివరి కోత 0.1 మించకూడదు. ఆ తరవాత 400, 600 ఎమెరీతో పాలిష్. పనిముట్టు గీతలు చుట్టూరా ఉంటే పగులుకు దారి చూపినట్టే కాబట్టి చివర్లో పొడవు దిశలో రుద్దించండి. తిప్పిన భాగం లగ్గు మూతి దగ్గర ఆగకూడదు. వంపు ఎక్కువ పడేది సరిగ్గా అక్కడే. మెట్టు కనీసం 25 మి.మీ. పైన ఉండాలి, దాని మూల 2 మి.మీ. గుండ్రంగా ఉండాలి. తల దాకా తిప్పేసి మెట్టే లేకుండా చేస్తే ఇంకా మేలు.

తిప్పినప్పుడు కనీస లోతు గుర్తు చెరిగిపోతుంది. దాన్ని పెయింటుతో మళ్ళీ గీయండి. పంచ్ కొట్టి గుర్తు పెట్టకండి. పై పూత పోయిన అల్యూమినియం స్టీలు ఫ్రేములో తొందరగా పట్టేస్తుంది కాబట్టి గ్రీజు తప్పనిసరి.

దారి 4: కొత్తది చేయించడం

రోడ్‌స్టర్‌కూ, క్లిప్పు సీటుకూ మా మొగ్గు దీనివైపే. 22.2 పైకొన ఉన్న నిటారు పిల్లర్‌కు తలకట్టు చేసే పని లేదు. క్లిప్పు ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. పాత సైకిలు మీద చూడటానికి కూడా అదే అందం. పదార్థాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

స్టీలు, రెండు ముక్కలు. అంగుళం గొట్టం 16 గేజిలో తీసుకుంటే లోపలి వ్యాసం దాదాపు 22.15 వస్తుంది. పైన కావలసింది 22.2. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటం మనకు కలిసివచ్చిన సంగతి. 22.2 కడ్డీని గొట్టంలోకి దింపి అతికిస్తే పిల్లర్ తయారు.

కావలసినవి: 25.4 × 1.6 కోల్డ్ డ్రాన్ గొట్టం 260 మి.మీ., 25 మి.మీ. బ్రైట్ బార్ 120 మి.మీ. బార్‌ను మొత్తం 115 పొడవుకు ఫేసింగ్ చేయించాలి. అందులో 45 మి.మీ. 22.2కి, మిగతా 70 మి.మీ. 22.05కి తిప్పించాలి. నడుమ 12 మి.మీ. రంధ్రం వేస్తే బరువు తగ్గుతుంది. మొత్తం పిల్లర్ 305 పొడవు, 490 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది.

గొట్టం ఈఆర్‌డబ్ల్యూ (రేకును చుట్టి అతుకు వెల్డింగ్ చేసిన రకం) అయితే లోపల వెల్డింగ్ గట్టు ఉంటుంది. పై 75 మి.మీ. మేర దాన్ని బోరింగ్ టూలుతోనో గుండ్రటి ఆకురాయితోనో తీసేయాలి. లేకపోతే కడ్డీ దిగదు. సుత్తితో కొట్టి దింపితే ఒకవైపు సందు ఉండదు, ఇత్తడి పారదు. బ్రేజింగ్‌కు చుట్టూ సన్నటి సందు కావాలి, అందుకే వ్యాసంలో 0.1 వదిలాం. కడ్డీ కింది అంచును అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోయించండి. గట్టి భాగం ఒక్కసారిగా ఆగిపోతే గొట్టం సరిగ్గా ఆ గీత దగ్గర అలసిపోతుంది. ఆ అంచు లగ్గు మూతికి ఎదురుగా పడకుండా చూసుకోవాలి. మీ సీటు ఎత్తును బట్టి 70ని 60గానో 90గానో మార్చండి.

అతికేటప్పుడు రెండు ముఖాలూ ఎమెరీతో మెరిసేలా రుద్ది వెలిగారం పట్టించాలి. మంట ముందు లావు కడ్డీ మీద పెట్టాలి. పలచటి గొట్టం మీద పెడితే అది కాలిపోతుంది, కడ్డీ మాత్రం చల్లగానే ఉంటుంది, ఇత్తడి పైనే ముద్దకడుతుంది. రెండూ ఒకే ఎరుపుకు వచ్చాక ఇత్తడి తీగ తాకిస్తే లోపలికి తనే పారుతుంది. నీళ్ళలో ముంచకుండా గాలికే చల్లార్చండి. తరవాత అడుగు నుంచి టార్చి వేసి చూస్తే ఏటవాలు అంచు చుట్టూ ఇత్తడి గీత కనబడాలి. సగం చుట్టే కనబడితే మళ్ళీ వేడిచేయించండి. తనిఖీకోసం గొట్టానికి చిన్న రంధ్రం పెట్టాలనుకుంటే కుడి, ఎడమ పక్కల్లోనే పెట్టండి. ముందు, వెనక వైపుల మీదే లాగుడూ నొక్కుడూ పడతాయి.

నికెల్, క్రోమ్ పూత వేయిస్తే వ్యాసం కాస్త పెరుగుతుంది. దానికి 0.05 ముందే వదిలిపెట్టండి.

అల్యూమినియం, ఒకే ముక్క. 26.4, 24.0 లాంటి బేసి సైజులకు స్టీలు గొట్టం దొరకడం కష్టం. 30 మి.మీ. రాడ్డు నుంచి ఏ సైజైనా తిప్పవచ్చు. తీసుకోవలసింది 6061-టీ6 (టీ6 అంటే హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరచినది), లేదా మన బజార్లో హెచ్‌ఈ30 అని అమ్మే 6082-టీ6. తూకానికి దొరికే పేరులేని రాడ్డు వద్దు. టీ6 గట్టితనం లేని 6061 ఐదో వంతు ఒత్తిడికే వంగుతుంది, కంటికి రెండూ ఒకటే.

26.4 పిల్లర్ అయితే అడుగు నుంచి 16 మి.మీ. రంధ్రం 255 మి.మీ. లోతుకు వేయించండి. పై 45 మి.మీ. నిండుగా ఉండనివ్వండి. క్లిప్పు నొక్కుడుకు గొట్టం చప్పిడి కాకుండానూ, పైనుంచి వాన నీరు దిగకుండానూ ఆ నిండుతనమే కాపాడుతుంది. పొడుగు డ్రిల్లు పక్కకు పోయే గుణం ఉంది కాబట్టి ముందు రంధ్రం వేసి, దాన్ని సెంటరులో పట్టి, ఆ తరవాత బయటి వ్యాసం తిప్పాలి. వరస తిరగబడితే మందం ఒకవైపు ఆరు, ఇంకోవైపు నాలుగు వస్తుంది. 26.4 నుంచి 22.2కి దిగే మెట్టు మూల 3 మి.మీ. గుండ్రంగా, లేదా 20 మి.మీ. పొడవునా వాలుగా ఉండాలి. చాకులాంటి మూల వదిలితే విరిగేది అక్కడే. బరువు 285 గ్రాములు. గతుకు మీద ఒత్తిడి 100 మెగాపాస్కల్, 6061-టీ6 వంగేది 276 దగ్గర. నిండు స్టీలు రాడ్డే తిప్పించేస్తే పోలేదా అంటే, బలానికి లోటు లేదు గానీ 25.4 సైజులో 300 పొడవుకు కిలో దాటి తూగుతుంది.

అల్యూమినియం పిల్లర్‌కు తలను వెల్డింగ్ చేయించకండి. టీ6 గట్టితనం వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల సగానికి పడిపోతుంది. మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేగాని తిరిగి రాదు.

స్టెయిన్‌లెస్ రెయిలింగు పైపు. మెట్ల రెయిలింగుకు వాడే అంగుళం పైపు బయటి వ్యాసం 25.4 కాబట్టి బోరు 25.6 ఉన్న ఫ్రేముకు చక్కగా సరిపోతుంది. 304 గ్రేడు, 2 మి.మీ. మందం అని అడిగి తీసుకోండి. 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటదు కాబట్టి అయస్కాంతం పరీక్ష ఇక్కడ పనిచేయదు, బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి. పైన 22.2 ముక్క ఎలాగూ కావాలి, లోపలికి 60, 70 మి.మీ. దిగేలా తిప్పి టిగ్ వెల్డింగ్ చేయించాలి. అద్దంలా మెరిసే పైపు లగ్గులో జారుతుంది. లోపలికి దిగే భాగాన్ని 120 ఎమెరీతో గరుకు చేయండి.

నీళ్ళ జీఐ పైపు జోలికి పోకండి. దాన్ని లోపలి కొలత పేరుతో అమ్ముతారు. అంగుళం పైపు బయట 33.7 ఉంటుంది, ముప్పావు అంగుళం పైపు 26.9. తిప్పితే 26.4 వస్తుంది గదా అనిపిస్తుంది గానీ, లోపలి బోరు బయటి వ్యాసానికి నడిమధ్యలో ఉండదు, అతుకు గీత ఎటు పడుతుందో చెప్పలేం. వేడిచేస్తే వచ్చే జింకు పొగ ఆరోగ్యానికి చెడ్డది.

దారి 5: బోరు పెద్దది చేయడం

తుప్పు గరుకు, బ్రేజింగ్ చుక్కలు తీయడానికి రీమర్ (రంధ్రం లోపలి గోడను పలచగా గీసే పనిముట్టు) వాడటం శుభ్రం చేయడమే, అందులో తప్పు లేదు. సైజు మార్చడానికి వాడటం వేరు. 0.6 మందమున్న గొట్టంలో వ్యాసం 0.4 పెంచితే మూడో వంతు మందం పోయినట్టే, అదీ ఎక్కువ భారం పడే చోట. శుభ్రానికైనా వ్యాసంలో 0.1, 0.2 మించకుండా, వంపు గాడుల రీమర్‌తోనే చేయాలి. నిటారు గాడుల రీమర్ అంచు ఫ్రేము చీలికలో చిక్కుకుంటుంది. నూనె వేస్తూ ఒకే దిశలో తిప్పండి, బయటికి తీసేటప్పుడు కూడా అదే దిశ.

ఎవరికి ఏది

రెండు కడ్డీల సీటు, 25.0 నుంచి 27.2 మధ్య సైజు: కొనండి. సైజు 0.2 తేడాలో దొరికితే ఒక చుట్టు షిమ్. ఎక్కడా దొరకక, చేతిలో మందమైన 27.2 పిల్లర్ ఉండి, కావలసింది 26.4 గానీ అంతకంటే పెద్దది గానీ అయితే తగ్గించండి.

నాలుగు కడ్డీల తోలు సీటు, అంగుళం బోరు: స్టీలు రెండు ముక్కల పిల్లర్. మనిషి 80 కిలోలు దాటితే గొట్టం 2 మి.మీ. తీసుకుని, లోపలికి దిగే ముక్కను ఆ బోరుకు తగ్గట్టు 21.3కి తిప్పించండి. అప్పుడు 22.2 భుజం గొట్టం అంచు మీద కూర్చుంటుంది, అది ఇంకా గట్టి కూర్పు. సముద్రం దగ్గరి ఊళ్ళో తిరిగే సైకిలుకు 304 పైపు.

ఫ్రెంచ్ ఫ్రేము, క్లిప్పు సీటు: అల్యూమినియం ఒకే ముక్క. ష్విన్ 20.6కు మాత్రం అల్యూమినియం వద్దంటాం. అంత సన్నటి వ్యాసంలో నిండు రాడ్డైనా గతుకు మీద 180 మెగాపాస్కల్ దాటుతుంది, అల్యూమినియం అలసటకు అది ఎక్కువ. స్టీలే వాడండి.

బిగించేటప్పుడు

పిల్లర్ కనీసం 65 మి.మీ. లోపల ఉండాలి, అడుగు అంచు టాప్ ట్యూబు కలిసే చోటు దాటి కిందికి దిగాలి. పెద్ద లగ్గులున్న రోడ్‌స్టర్లలో రెండో షరతుకే ఎక్కువ లోతు పడుతుంది, అదే పాటించండి. అడుగు అంచు బర్రు తీసి వాలుగా రుద్దకపోతే దించిన ప్రతిసారీ ఫ్రేము లోపల గీతలు పెడుతుంది.

పలచగా గ్రీజు రాసి దించండి. చేత్తో తిప్పుతూ దిగాలి, సుత్తి అక్కర్లేదు. బోల్టు బిగించాక చీలిక రెండు అంచులూ దాదాపు సమాంతరంగానే ఉండాలి. పైన కలుసుకుపోతున్నాయంటే పిల్లర్ సన్నం. మామూలు బిగింపుకు నిలవని పిల్లర్‌ను ఇంకా బిగించకండి, సైజు మార్చండి.

లగ్గు అంచుకు సరిగ్గా పిల్లర్ మీద సన్నటి టేపు చుట్టి 20 కిలోమీటర్లు తొక్కండి. టేపు ముడతపడి లోపలికి దిగితే జారుతోందన్నమాట. క్లిప్పు నట్లు తోలు సీటు బరువుకు మొదటి వారంలో కాస్త వదులవుతాయి, మళ్ళీ బిగించాలి. స్టీలు ఫ్రేములో అల్యూమినియం పిల్లర్ ఉన్నవాళ్ళు ఆరునెలలకోసారి పూర్తిగా బయటికి తీసి తుడిచి గ్రీజు పెట్టాలి. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో వానాకాలం ముందొకసారి, వెళ్ళాక ఒకసారి. తీసినప్పుడు లగ్గు మూతికి తగిలే చోట పిల్లర్ వెనకవైపు గోరుతో గీకి చూడండి. గోరు పట్టే సన్నటి అడ్డగీత కనబడితే ఆ పిల్లర్‌ను పక్కన పెట్టేయండి.